నిజంగానే మోగింది

సున్నా దగ్గర మొండికేసి కూర్చున్న అంకె చివరికి కదిలింది. నాలుగైంది, పదకొండైంది, అక్కడ కాస్త తటపటాయించి ఒక్కసారిగా ఇరవై దాటింది. సత్యశ్రీ స్టూలు మీంచి సగం లేచిపోయింది. పొద్దున్న ఈ సెన్సర్ పని అయిపోయిందనీ, పారేయాల్సిందేననీ అందరూ అన్నారు. దాని మూతి మీద పేరుకున్న ఎర్రటి ఇనుపధూళిని మెత్తటి కుంచెతో రాల్చి, శుభ్రమైన నీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో అంచులు తుడిచి, తెల్లటి వడపోత బిళ్ళ మార్చి, మళ్ళీ పరీక్ష గ్యాసు వదిలింది. ఇప్పుడు చూస్తే కుర్రాడిలా పరిగెడుతోంది.

"బతికింది సార్," అంది వెనక్కి తిరిగి.

దేవీప్రసాద్ ఫోనులో మాట్లాడుతూనే బొటనవేలు ఎత్తి చూపించాడు. గాజువాక ఆటోనగర్‌లో లేతు మిషన్ల షెడ్ల మధ్య ఉన్న ఆ చిన్న వర్క్‌షాపు ఆయనదే. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో విషగాలిని మనిషి కంటే ముందు పసిగట్టే సెన్సర్లన్నీ శుభ్రం కావడానికి అక్కడికే వస్తాయి. ఒక్కొక్కటీ అగ్గిపెట్టెలో పట్టేంత ఉంటుంది. లోపల కాస్తంత ద్రవం, సన్నటి తీగలు, మూతి మీద గుండుసూది దూరేంత కన్నం. ఆ కన్నంలోంచి గ్యాసు లోపలికి వెళితే చిటికెడు కరెంటు పుడుతుంది. ఆ కరెంటే తెర మీద అంకె, అంకె హద్దు దాటితే సైరను. సత్యశ్రీకి ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా కొత్తగానే ఉంటుంది. సెంటు వాసన కూడా వీటికి పడదని తెలిశాక, ఉద్యోగంలో చేరిన వారంలోనే సెంటు సీసా ఆడపడుచుకి ఇచ్చేసింది.

ఫోను పెట్టేసి దేవీప్రసాద్ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. సైట్ల మీదకి వెళ్ళే మనిషి శ్రీకాకుళం పనిలో ఇరుక్కుపోయాడట. అచ్యుతాపురం రొయ్యల కంపెనీలో ఫ్రీజర్లని చల్లబరిచే అమోనియా కారితే పట్టే సెన్సర్లు కడిగి, సరిచూసి రావాలి. విదేశాల నుంచి సరుకు కొనేవాళ్ళు తనిఖీకి వస్తున్నారు, ఆలస్యం కుదరదు.

"నిచ్చెన ఎక్కగలవామ్మా?"

"ఎక్కగలను సార్." ఆ ప్రశ్న ఎప్పుడు అడుగుతాడా అని ఆమె చేరిన రోజు నుంచీ ఎదురుచూస్తోంది. ఇంతకాలం నిచ్చెనలనీ, ట్యాంకులనీ, ఆడపిల్లవనీ చెప్పి బల్ల దగ్గరే కూర్చోబెట్టారు. పెట్టెలో సిలిండర్, గొట్టాలు, కుంచెలు, కొత్త వడపోత బిళ్ళలు రెండుసార్లు లెక్కపెట్టి సర్దింది. కంపెనీ పేరు తలుచుకుని మూడోసారీ లెక్కపెట్టింది. అది తన అత్త దేముడమ్మ రొయ్యలు ఒలిచే కంపెనీ.

దువ్వాడలో ఇంటికి చేరేసరికి దేముడమ్మ గుమ్మంలో కూర్చుని కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటోంది. రోజంతా మంచునీళ్ళలో నానిన వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వారం రోజులుగా అలాగే ఉంటున్నాయి. క్లోరిన్ నీళ్ళు ఎక్కువ కలుపుతున్నారని అంటోంది. సత్యశ్రీ సంచి కింద పెట్టకుండానే సంగతంతా చెప్పేసింది. రేపు హెల్మెట్ పెట్టుకుని మీ హాల్లోకే వస్తాననీ, నిచ్చెనెక్కి పైనున్నవన్నీ విప్పి కడుగుతాననీ, అత్త పక్కవాళ్ళందరికీ చూపించుకోవచ్చనీ.

దేముడమ్మ చెంబు కింద పెట్టింది. "రేపేనేటి?"

"రేపే."

"అన్నీ ఇప్పుతావా?"

"ఇప్పకపోతే ఎలాగత్తా, మురికుండేది లోపలే గదా."

దేముడమ్మ లేచి లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది. మొన్న వానాకాలంలో సత్యశ్రీ పాడైన సెన్సర్ సెల్లొకటి ఇంటికి తెచ్చి, దాని కన్నం చూపించి, ఇది ఊపిరి పీల్చేది ఇక్కడినుంచేనని చెబితే గంటసేపు ప్రశ్నల మీద ప్రశ్నలు వేసిన మనిషి ఆమె. ఇవాళ ఒక్కటీ అడగలేదు. అలసిపోయి ఉంటుందనుకుంది సత్యశ్రీ. పోర్టులో క్రేను డ్యూటీలో ఉన్న మొగుడు ఉదయ్‌కుమార్‌కి ఫోను చేసి, అతనికి మళ్ళీ మొదటినుంచీ చెప్పింది.

పొద్దున్న ఇద్దరూ వేరువేరు బస్సుల్లో బయలుదేరారు. కంపెనీ గేటు దగ్గర మేనేజరు శివరామకృష్ణ స్వయంగా ఎదురొచ్చాడు. నిద్రలేని మనిషిలా ఉన్నాడు. తనిఖీవాళ్ళు మొదట చూసేది అమోనియా సంగతేనట, అక్కడ పేచీ పెడితే సరుకంతా నిలిచిపోతుందట. మొదట్లో సెన్సర్లు ఊరికే మోగి చంపేవి, ఈ రెండు నెలలుగా చక్కగా ఉన్నాయి, ఒక్కసారి కూడా నోరెత్తలేదు అని సంతోషంగా చెప్పాడు.

గమ్‌బూట్లు వేసుకుని, జుట్టంతా టోపీలోకి దోపి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, క్లోరిన్ నీళ్ళ గుంటలో అడుగేసి సత్యశ్రీ హాల్లోకి వెళ్ళింది. చలి ఒక్కసారిగా చెంపల్ని పట్టుకుంది. పొడవాటి స్టీలు బల్లలకి అటూ ఇటూ ఆడవాళ్ళు వరసగా నిలబడి రొయ్యల తలలు తీస్తున్నారు. అందరివీ ఒకే రంగు టోపీలు, ఒకే రంగు ఏప్రన్లు. బొట్లు, గాజులు లోపలికి రానివ్వరు. అయినా రెండో బల్ల చివర ఎడమ భుజం కాస్త వంచి నిలబడ్డ మనిషి ఎవరో ఆమెకి వెంటనే తెలిసింది. దేముడమ్మ తల ఎత్తలేదు. పక్కనున్న ఆమె స్నేహితురాలు గౌరీశ్వరి మాత్రం మోచేత్తో ఆమెను పొడిచి, నవ్వే కళ్ళతో నిచ్చెన వైపు చూపించింది.

అమోనియా గాలికంటే తేలిక, పైకి పోతుంది. అందుకే సెన్సర్లు కప్పుకి దగ్గరగా ఉన్నాయి. సత్యశ్రీ నిచ్చెన మీద నిలబడి మొదటిదాని జాలీ మూత మరతిప్పింది. అది తేలిగ్గా వచ్చింది. ఇంతకుముందే ఎవరో చాలాసార్లు తిప్పినట్టు. లోపల తెల్లటి వడపోత బిళ్ళని కప్పేసి మెరూన్ రంగు కనిపించింది.

బొట్టుబిళ్ళ. పెద్దది, మఖమల్‌ది. సరిగ్గా కన్నం మీద, ఒత్తి మరీ అంటించింది.

ఆమెకి మొదట కోపం వచ్చింది. ఎవరిదో వెధవ పని, ఇంతమంది ప్రాణాలకి అడ్డంగా ఒక బిళ్ళ. ఆ తర్వాత, గోటితో అంచు లేపుతుండగా, చెయ్యి ఆగిపోయింది. ఈ కొలత, ఈ రంగు పేకెట్టు కూర్మన్నపాలెం ఫ్యాన్సీ షాపులో ప్రతినెలా అత్తకి తనే కొంటుంది. ఇప్పుడంత పెద్దవి ఎవరూ పెట్టుకోవడం లేదని షాపతను ప్రతిసారీ అంటాడు.

కిందికి చూసింది. దేముడమ్మ కూడా ఈసారి తలెత్తి ఆమెనే చూస్తోంది. ఒక చేతిలో రొయ్య, ఇంకో చేతిలో చిన్న కత్తి. చూపు తిప్పుకోలేదు.

సత్యశ్రీ బిళ్ళను గ్లౌజు లోపలికి తోసేసి మూత మళ్ళీ బిగించింది. టీ వేళకి సైరను కాదు, మామూలు బెల్లు కొట్టారు. బయట రేకుల షెడ్డు కింద, నీళ్ళ డ్రమ్ము పక్కన అత్తను పట్టుకుంది.

"నువ్వేనా?"

"నానే. ఇంకెవులు ఎక్కుతారు అంతెత్తు? ట్రే మీద ట్రే ఏసి ఎక్కినాను."

"అదెందుకున్నాదో నీకు తెలీదేటి? ఆ పక్క ఫ్రీజర్ల పైపు పగిలితే..."

"తెల్సు. అది మోగితే మాకేటవుతాదో నీకు తెల్సా?" దేముడమ్మ గొంతు తగ్గించింది, మాట తగ్గించలేదు. "ఒలిసి తూకం ఏత్తేనే కూలి. అది మోగితే అందర్నీ బయటికి తోలీసి ఎండలో కూకోబెడతారు. ఆ పూట పోయినట్టే. గేసు వొచ్చిందా అంటే, లేదు. ఏడినీళ్ళు పోసి నేల కడిగినప్పుడల్లా మోగడమే. గౌరీశ్వరి బిడ్డకి జొరమొచ్చిన వారం మూడు పూటలు పోనాయి దానికి. నువ్వే గదా సెప్పినావు, ఆ కన్నంలోంచే అది ఊపిరి తీసుకుంటాదని. మూసీసినాను."

వేడినీళ్ళ ఆవిరి ఒక్కసారిగా తగిలితే ఈ రకం సెన్సర్లు ఉలిక్కిపడతాయి, నిజమే. ఆ సంగతి సత్యశ్రీ బల్ల దగ్గర ఎప్పుడో నేర్చుకుంది. కడిగే గొట్టానికి ఎదురుగా సెన్సర్ బిగించినవాడికి తెలియలేదు, అంతే. దాన్ని పక్కకి జరిపితే సరిపోతుందని అత్తకి చెప్పింది. అయినా ఇవాళ అన్నీ తెరవక తప్పదని కూడా చెప్పింది.

"తెరువు," అంది దేముడమ్మ గ్లాసు బోర్లించి. "నీ ఉద్యోగం నువ్వు సెయ్యి. మళ్ళీ ఊరికే మోగితే మా పూట ఎవులిత్తారో అది కూడా నువ్వే సూడు."

ఆమె వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

సత్యశ్రీ మళ్ళీ నిచ్చెనెక్కి మొదటి సెన్సర్ మూత విప్పింది. పని మొదలుపెట్టాక చేతులు వాటి దారిన అవి నడిచాయి. బిళ్ళ వదిలిన జిగురుని స్పిరిట్‌తో తుడవకూడదు, సెల్లు పాడవుతుంది. తడిగుడ్డ చుట్టిన పుల్లతో అంచునే ఓపిగ్గా రుద్ది తీసింది. పాత వడపోత తీసేసి కొత్తది వేసింది. వేరే డబ్బాలో తెచ్చిన శుభ్రమైన గాలి పట్టి అంకెను సున్నా చేసింది. మూతి మీద రబ్బరు గిన్నె బోర్లించి పరీక్ష గ్యాసు వదిలింది. రెండు నెలలు ఊపిరాడకుండా పడున్న సెల్లు ఎలా స్పందిస్తుందోనని కళ్ళప్పగించి చూసింది. అంకె ఒక్క క్షణం ఆగి, తర్వాత జంకులేకుండా పైకి వెళ్ళింది. సైరను ఒక కూత కూసింది. సత్యశ్రీ ముక్కుగుడ్డ వెనక నవ్వుకుంది. పరీక్ష అని అందరికీ వినబడేలా చెప్పి సైరను ఆపింది. రెండోదీ అంతే, బిళ్ళ తీయగానే ప్రాణం లేచొచ్చింది. దానికీ సైరను కూసింది. ఈసారి ఎవరూ తలెత్తి చూడలేదు.

మూడోది హాలు చివర, ఫ్రీజర్లని వేరుచేసే ప్లాస్టిక్ పట్టీల తెరకి ఇవతలి గోడ మీద ఉంది. దాని బిళ్ళ తీసి, కొత్త వడపోత వేసి, సిలిండర్ కోసం కిందికి వంగింది. మళ్ళీ నిటారుగా నిలబడేసరికి సెన్సర్ తెర మీద తొమ్మిది ఉంది.

ఇంకా గ్యాసు వదల్లేదు. గొట్టంలో ఇందాకటిది మిగిలి ఉంటుందనుకుని గొట్టాన్ని దూరంగా తీసేసింది. పదమూడు. సిలిండర్ మర చూసింది, బిగించే ఉంది. శుభ్రమైన గాలి పట్టింది. అంకె పడిపోయింది. గాలి తీసేసింది. అంకె మళ్ళీ లేచింది, ఈసారి ఇంకా తొందరగా. పద్దెనిమిది. ఇరవై రెండు. ముక్కుగుడ్డ కాస్త కిందికి లాగి పీల్చింది. క్లోరిన్, రొయ్యల నీచు, మంచు, వాటన్నిటి వెనక సూదిలా గుచ్చే ఇంకొకటి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వారం రోజులుగా అత్త కళ్ళు ఎర్రబడి ఉండటం క్లోరిన్ వల్ల కాదు.

సైరను మోగింది.

హాల్లో ఒక్క చెయ్యి కూడా ఆగలేదు. తూకం దగ్గర నిలబడ్డ కాంట్రాక్టరు కొండలరావు బల్లల మధ్య నడుస్తూ, అరచేతులు ఊపుతూ, టెస్టింగు, టెస్టింగు, పని కానివ్వండి అని అరుస్తున్నాడు. సత్యశ్రీ కూడా అరిచింది. ఇది టెస్టింగు కాదని, బయటికి నడవండని. ఆ హోరులో ఆమె మాట నిచ్చెన దిగలేదు. చెయ్యి ఊపింది. గౌరీశ్వరి కూడా తిరిగి చెయ్యి ఊపింది.

దేముడమ్మ మాత్రం కోడలి చేతిని చూడలేదు. గుడ్డ జారి బయటపడ్డ ముఖాన్ని చూసింది. ఒక్క చూపు. కత్తి బల్ల మీద విసిరేసి, నిండు ట్రేని రెండు చేతులా ఎత్తి నేలకేసి కొట్టింది. స్టీలు ట్రే నేల మీద పగిలినట్టు మోగింది. హాలంతా తిరిగి చూసింది.

"పదండి. టెస్టింగు కాదిది. మా కోడలి మొకం సూడండి."

కొండలరావు అడ్డం వస్తే భుజంతో తోసేసింది. గౌరీశ్వరిని రెక్క పట్టుకుని తలుపు వైపు గెంటింది, ఆ వెనకామెను, ఆ వెనకామెను. మొదటి బల్ల కదిలాక మిగతావి ఆగలేదు. గమ్‌బూట్లు తడినేల మీద చప్పుడు చేస్తూ పరిగెత్తాయి. నిచ్చెన దిగిన సత్యశ్రీ ఫ్రీజర్ల తెర తీసి అటువైపున్న వాళ్ళని కేకేసింది. దగ్గుకుంటూ ఇద్దరు కుర్రాళ్ళు బయటికొచ్చారు. అందరికంటే చివర హాలు దాటింది అత్తా కోడళ్ళే. దేముడమ్మ కోడలి చెయ్యి ఎప్పుడు పట్టుకుందో ఇద్దరికీ తెలియదు.

బయట గాలికి ఎదురుగా, ప్రహరీ గోడ వారన నిలబడ్డారు. తలుపు సందుల్లోంచి ఘాటు ఇప్పుడు అందరి ముక్కులకీ తెలుస్తోంది. ముఖానికి ముసుగులు తగిలించుకుని మెకానిక్కులు లోపలికి పోయారు. ఫ్రీజరుకి వెళ్ళే రబ్బరు పైపు బిగింపు దగ్గర చీలిందని, మర కట్టేశామని, ఇంకాసేపు అలాగే ఉంటే ఊడి వచ్చేసేదని తిరిగొచ్చి చెప్పారు. ఎవరికీ ఏమీ కాలేదు. కొందరు దగ్గుతున్నారు, కొందరు కళ్ళు కడుక్కుంటున్నారు, కొందరు ఊరికే పెద్దగా మాట్లాడుతున్నారు. తనలో భయం ఎంతో, పట్టేశాను అన్న సంబరం ఎంతో సత్యశ్రీకే తెలియలేదు.

శివరామకృష్ణ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఈ పిల్ల ఏదో విప్పి పాడుచేసింది, అంతవరకూ బాగానే ఉన్నాయి అని కొండలరావు మొదలుపెట్టాడు. మేనేజరు అతన్ని ఆపి సత్యశ్రీ వైపు తిరిగాడు. ఇన్నాళ్ళూ ఇది ఎందుకు మోగలేదో చెప్పమన్నాడు.

గ్లౌజులో మూడు బిళ్ళలూ చెమటకి అరచేతికి అతుక్కుని ఉన్నాయి. దుమ్ము పట్టిందని చెప్పొచ్చు. చెబితే ఆయన నమ్ముతాడు. సత్యశ్రీ నోరు తెరిచింది కానీ ఏం చెప్పబోయిందో ఆమెకే తెలియదు. ఆ లోపే దేముడమ్మ ముందుకొచ్చింది.

"నాను మూసినాను సారూ. బొట్టుబిళ్ళలెట్టి మూసినాను. తప్పే. ఈ పొద్దు ఈ పిల్ల తెరవకపోతే నా పక్కన నిల్చున్నోళ్ళందరూ నా వల్లే పోదురు. ఇంక జన్మలో ముయ్యను." ఊపిరి తీసుకుంది. "గాని మీరూ ఒక మాట సెప్పాల. అది మోగి మేం బయట కూకున్నసేపు ఎవుల లెక్క? అది మా లెక్కే అయితే, నాను కాకపోతే రేపు ఇంకొకత్తి ఎక్కుతాది."

గౌరీశ్వరి వచ్చి దేముడమ్మ పక్కన నిలబడింది. శివరామకృష్ణ ఆ ఇద్దరినీ, వాళ్ళ వెనక ఏప్రన్లు తడిసి నిలబడ్డ అందరినీ చూశాడు. హాలు తలుపు వైపు చూశాడు. ఆయన ముఖంలో కోపం ఉంది, కానీ అది ఎక్కడ నిలవాలో తెలియనట్టు అటూ ఇటూ తిరుగుతోంది. రేపు చెబుతానని మాత్రం అని ఆఫీసులోకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఉదయ్‌కుమార్ అడిగిన ప్రశ్నలన్నిటికీ దేముడమ్మే జవాబు చెప్పింది. పని పోతే పోయిందంది. అన్నం మాత్రం సరిగా తినలేదు.

మర్నాడు సత్యశ్రీ మిగిలిన పని కోసం మళ్ళీ వెళ్ళింది. దేవీప్రసాద్ తనూ వస్తానన్నాడు కానీ, వద్దు సార్ నేను చూసుకుంటానంది. కడిగే గొట్టానికి ఎదురుగా ఉన్న సెన్సర్‌ని ఎలక్ట్రీషియన్ చేత పక్క గోడ మీదికి మార్పించింది. అన్నిటికీ నీటి చినుకులు తగలకుండా గొడుగు మూతలు బిగించింది. నేల కడిగించి చూసింది. ఆవిరి లేచింది, అంకె కాస్త తొణికి సున్నా దగ్గరే కూర్చుంది. ఆడవాళ్ళు చూస్తున్నారని తెలిసి ఇంకోసారి కడిగించింది.

అప్పుడు గౌరీశ్వరి వచ్చి చెప్పింది. పొద్దున్నే మేనేజరు అందర్నీ నిలబెట్టి చెప్పాడట. సైరను మోగి బయట కూర్చున్నంతసేపూ పనిచేసినట్టే లెక్క, తూకంతో సంబంధం లేదు, అది కంపెనీయే భరిస్తుంది. కొండలరావు ఏదో అనబోతే నిన్న లోపల ఎంతమంది ఉన్నారో గుర్తుందా అని అడిగాడట. ఇంకో మాట కూడా అన్నాడట. ఇకమీద రోజూ పని మొదలయ్యే ముందు సెన్సర్లన్నీ మోగుతున్నాయో లేదో ఒలిచేవాళ్ళలోనే ఒకరు చూడాలి. ఎవరు చూస్తారని అడిగితే ఎవరూ పలకలేదట. ఎక్కడం దేముడమ్మకి వచ్చు కదా అన్నది కూడా మేనేజరేనట.

దేముడమ్మ హాలు మధ్యలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. సిగ్గో గర్వమో ముఖంలో తెలియనివ్వడం లేదు.

"రా అత్తా," అంది సత్యశ్రీ. "ట్రేలు కాదు, నిచ్చెన ఎక్కు ఈసారి."

ఎక్కింది. రబ్బరు గిన్నె ఎలా పట్టుకోవాలో, మూతి మీద ఎంత మెత్తగా ఆనించాలో కోడలు కిందినుంచి చెబుతుంటే, ముడతలు పడ్డ ఆ వేళ్ళు చంటిబిడ్డ నోటికి పాలపీక అందించినంత జాగ్రత్తగా దాన్ని ఆనించాయి. సత్యశ్రీ సిలిండర్ మర తిప్పింది. దేముడమ్మ తెరకి ముఖం ఆనించేంత దగ్గరగా పెట్టింది.

"నాలుగు," అంది హాలంతటికీ వినబడేలా. "తొమ్మిది. పద్నాలుగు. ఓలమ్మ, ఇదేటిది, ఆగటం లేదు."

సైరను మోగింది. ఆడవాళ్ళు కత్తులు బల్లల మీద పెట్టి, ఎవరినీ ఎవరూ తొయ్యకుండా, ఏప్రన్లకి చేతులు తుడుచుకుంటూ తలుపు వైపు నడిచారు. పరీక్షే అయినా నడవాలని మేనేజరు చెప్పాడు. తూకం దగ్గర కొండలరావు కాసేపు ఒంటరిగా నిలబడి, ఏమనుకున్నాడో ఏమో, తనూ వాళ్ళ వెనకే బయటికి వెళ్ళాడు. హాలు ఖాళీ అయింది. నిచ్చెన మీద అత్త, నిచ్చెన పట్టుకుని కోడలు.

సత్యశ్రీ మర కట్టేసింది. అంకె మెల్లగా దిగుతూ వచ్చి సున్నా దగ్గర ఆగింది. దిగమని చెయ్యి అందించింది.

దేముడమ్మ దిగలేదు. తెర మీంచి చూపు తిప్పకుండానే రబ్బరు గిన్నె మళ్ళీ సర్దుకుంది.

"ఇంకోపాలి మర ఇప్పవే," అంది.